సోబాచోకో: జపానీయుల నీలిపింగాణి గిన్నెలు – అనామకశిల్ప విచారము

జపానుదేశమునఁ బాతసామానులమ్ము సంతలలో నేఁటికిని దొరకు చిన్న పింగాణిగిన్నె యొకటి కలదు. మూతియడ్డము సుమారు 8 సెంటీమీటర్లు. ఎత్తు సుమారు 6 సెంటీమీటర్లు. పిడి లేదు, మూఁత లేదు. అడుగు కొంత సన్నమై, ప్రక్కలు వంపులేక పైకి వచ్చుచు మూతియొద్ద నించుక విప్పారి యుండును. తెల్లని నేలపై నీలిరంగుతో గడ్డిపోచయో, చేమంతిపూవో, అలలపై నెగురు పక్షులో, చేఁపలవల కన్నులో వ్రాయఁబడి యుండును. దీనిని నేఁడు సోబాచోకో యని వ్యవహరింతురు. సోబా యనఁగా బక్‌వీట్ అను ధాన్యపుఁ బిండితోఁ జేయు సన్నని పోఁగులు; మన సేమ్యాను బోలి యుండును. ఉడికించి నీరోడ్చిన యా పోఁగులను రసమున ముంచుకొని తినుటకైన గిన్నె యని యీ పేరునకు భావము. 17వ శతాబ్దినుండి 19వ శతాబ్ది చివఱవఱకుఁ జేయఁబడిన యీ గిన్నెలను జానపదశిల్పమునకు మేలైన యుదాహరణములుగాఁ బలువురు చెప్పుదురు. చేసినవాని పేరు తెలియకుండుటయే యిట్టి వస్తువుల ఘనతకు మూలమని యొక సిద్ధాంతము కలదు. ఆ సిద్ధాంత మీ గిన్నెలయెడ నెంతవఱకుఁ జెల్లునో విచారించుటయే యీ వ్యాసమున కుద్దేశము.

విచారమును బేరులనుండియే యారంభింపవలసి యున్నది. ఏలయన, నీ గిన్నె విషయమున నొక్క పేరును సూటిగా నిజము చెప్పదు. ఎదోకాలమునందు (1603–1868) దీనిని చోకు అని మాత్రమే యనుచుండిరి. పుల్లని రసమున నూరిన కూరముక్కలను, చేఁపముక్కలను, ఇట్టి నంజుకొను పదార్థములను వడ్డించి భోజనపుఁబళ్లెరమున నమర్చు చిన్నగిన్నె యిది. సోబాకును వాడిరి గాని యది పెక్కు వాడుకలలో నొకటి. సోబాచోకో యను పేరు స్థిరపడినది పిమ్మటి కాలమున. చోకు అను మాటను వ్రాయు రెండక్షరములకు 'అడవిపంది', 'నోరు' అని యర్థము. పందికిని గిన్నెకును సంబంధ మేమియు లేదు. ధ్వనికొఱకు మాత్రమే యా యక్షరములఁ గైకొనిరి. ఇఁక నీ పింగాణికి ఇమరి యని ప్రసిద్ధనామము. ఇమరి రేవుపట్టణము. గిన్నె పుట్టినది యక్కడికిఁ గొన్నిక్రోసుల దూరమునఁ గొండలనడుమ నున్న అరితయందు. సరకు నోడకెక్కించిన చోటి పేరే సరకునకుఁ బట్టినది. మఱియుఁ గొన్నిగిన్నెల యడుగున నక్షరములు కనఁబడును. చదివి చూచిన, నవి చీనాదేశపు మింగువంశీయుఁడైన ఛెంగ్వా చక్రవర్తి (1464–1487) కాలమున గిన్నె చేయఁబడినట్లు చెప్పును. ఆ చక్రవర్తి గతించి నూఱేండ్లు దాఁటినఁగాని జపానునఁ బింగాణియే పుట్టలేదు. దీనిని మోసమని తలఁపనక్కఱలేదు. చీనాపింగాణిపై నట్టి యక్షరములుండుటఁ జూచి, యవియు నలంకారమున భాగమేయని వ్రాసికొనిరి. అయినను జేసినవాఁడు తన పేరు వ్రాయఁదగిన యొక్కచోటను బరదేశపు రాజు పేరు వ్రాసె ననుట మఱవరాదు.

ఇట్టి చౌకసరకునకు విద్వద్గోష్ఠిలోఁ బ్రవేశము కలిగించినవాఁడు యనగి మునెయోషి (1889–1961). ఈయనకు సోఎత్సు అనియు వ్యవహారము. మొదట నీయన తత్త్వవేత్త; 1914లో ఆంగ్లకవి విలియం బ్లేకునుగూర్చి పెద్దగ్రంథము వ్రాసెను. కొరియాదేశపుఁ బాతకుండలను జూచి మోహితుఁడై 1924లో సియోలు నగరమునఁ గొరియా జానపదకళల ప్రదర్శనశాలను నెలకొల్పెను. ఆ కాలముననే క్యోటోనగరమునఁ గాపురముండి, తోజి యాలయపు సంతకును, కితానో యాలయపు సంతకును బోవుచు, నక్కడి ముదుసలులు చౌకవస్తువులను 'గెతెమోనో', అనఁగాఁ గ్రిందితరగతి సరకు, అనుట వినెను. 1926లో నా మాటనే శీర్షికగాఁ బెట్టి యొక వ్యాసము ప్రకటించెను. లోకమున నా మాటకు వెగటైన యర్థములు పుట్టుటచేఁ బిమ్మట దానిని విడిచెను. 1925లో కుమ్మరిశిల్పులైన హమద షోజి, కవయి కంజిరోలతోఁ గూడి కల్పించిన 'మింగెయి' యను మాట నిలిచినది. 'మిన్' ప్రజలు, 'గెయి' శిల్పము. 1936లోఁ దోక్యోనగరపుఁ గొమబాయందు వారు స్థాపించిన ప్రదర్శనశాలలో నీ నీలిగిన్నెలకును స్థానము కలదు.

యనగి మతమును సంగ్రహముగాఁ జెప్పెదను. అలంకారమునకుఁ గాక వాడుకకుఁ జేసినది, ఒక్కటిగాఁ గాక వేలకొలఁది చేసినది, చౌకగా నమ్మినది, సంతకము లేనిది: ఇది జానపదశిల్పము. ఒక్క పూవునే దినమంతయు గిన్నె వెంట గిన్నెపై వ్రాయు పనివానికి 'నేను వ్రాయుచున్నాను' అను తలఁపు నశించును. చేయి తానై నడచును. అప్పుడు పుట్టు నందము వాని శక్తివలనఁ బుట్టినది కాదు. మన వైష్ణవసంప్రదాయమున మర్కటకిశోరన్యాయము, మార్జాలకిశోరన్యాయము నని రెండు కలవు. కోఁతిపిల్ల తల్లిని దానే పట్టుకొనును. పిల్లిపిల్లను దల్లియే నోటఁ గఱచికొని పోవును. జపానునందలి బౌద్ధులును నిట్లే స్వశక్తి యనియు నన్యశక్తి యనియు రెండు మార్గములను జెప్పుదురు. మన పరిభాషలోఁ జెప్పవలయునన్నఁ, బేరుగల శిల్పి కోఁతిపిల్ల. పేరులేని కుమ్మరి పిల్లిపిల్ల. 1948లో యనగి యమితాభబుద్ధుని ప్రతిజ్ఞయే సౌందర్యమునకును మూలమని ప్రతిపాదించి యీ యర్థమును గొనదాఁక నడపెను.

సిద్ధాంతము మనోహరము. చాటుపద్యములఁ బ్రేమించు మనకు మఱియు రుచించును. కర్త యెవ్వఁడో యెఱుఁగని పద్యము పదినోళ్లఁ బడి నునుపెక్కుట మన మెఱిఁగినదే కదా. కాని చాటుపద్యము కట్టినవానిపైఁ గావలి లేదు. అరిత కుమ్మరిపైఁ గలదు. ఈ భేదము చరిత్రమునుండి తెలియవలయును.

టోయొటొమి హిడెయోషి 1592లోను, మరల 1597లోను గొరియాపై దండెత్తెను. 1598లో నతఁడు చనిపోఁగా సేనలు వెనుదిరిగినవి. ఆ యుద్ధమునందుఁ బశ్చిమజపాను ప్రభువులు కొరియా కుమ్మరులను గుంపులుగాఁ గొనివచ్చిరి. 'కొనివచ్చిరి' అనుట మర్యాదమాట, పెక్కుమంది చెఱపట్టఁబడినవారే. సాగాసంస్థానపు నబెషిమప్రభువు దేశమునకు వచ్చినవారిలో యీ సాంప్యోంగ్ ఒకఁడు. జపానీయుల నోట నతఁడు రి సాంపెయి యయ్యెను. పిదపఁ గనగయె సంబెయి యయ్యెను. స్వస్థలనామమునందలి యక్షరములే యింటిపేరైనవని చెప్పుదురు. అతఁడు ఇజుమియమ కొండలోఁ దెల్లని పింగాణిఱాయిని గనిపెట్టి 1616లో జపానున మొదటి పింగాణిని గాల్చెనని ప్రసిద్ధి. ఆ సంవత్సర మెట్లు వచ్చినదో చూడుఁడు. పలువత్సరముల పిమ్మట సంబెయి తన ప్రభుత్వమున కర్పించిన పత్రమునందు, తాను 1616నకు సరియైన సంవత్సరమున అరితకు వచ్చితిననియు, తన చేతిక్రింద సుమారు 120 మంది యున్నారనియుఁ జెప్పికొనెను. కనుగొనుటనుగూర్చిన కథ పరంపరాగతము. 1965నుండి 1970వఱకుఁ దెంగుదాని యను పాత యావమును ద్రవ్వి చూచిరి. పిమ్మట నితరములైన యావములను ద్రవ్విరి. అరితకుఁ బడమటి దిక్కున 1610 ప్రాంతముల యావములలో మట్టిపాత్రలును బింగాణిపాత్రలును గలసి కాలినట్లు పెంకులు తెలుపుచున్నవి. కావున నొక్క మనుష్యుఁ డొక్కదినమున గనిపెట్టెననుట కంటెఁ, బెక్కు కొరియాచేతులు కొన్నియేండ్లలో సాధించిన పనియనుట నాకు సమంజసముగాఁ దోఁచుచున్నది.

1637లో జరిగిన దాని కంటె ముఖ్యము. కట్టెలకై యడవులు నఱకఁబడుచున్నవను కారణముతో సంస్థానమువారు 11 యావములను మూయించి, యరితలో 13 చోట్ల మాత్రమే పనిసాఁగ నిచ్చిరి. 826 మంది జపానీయ కుమ్మరులను బనినుండి తొలఁగించిరి. అందుఁ బురుషులు 532, స్త్రీలు 294. చాలకాలముగా స్థిరపడిన కొరియావారికి మినహాయింపు కలదు. ఆ పిమ్మటఁ బింగాణి కొండలపై నధికారిని నియమించిరి. రంగులద్దు నిండ్ల నొక్కవీథిలోఁ జేర్చి వాని సంఖ్యను మొదటఁ 11గను, పిదపఁ 16గను నిర్ణయించిరి. పనిమర్మములు సంస్థానపు సొత్తు. అవి యెల్ల దాఁటిపోఁగూడదు. గ్రామములోఁ గుమ్మరి తన సారెయొద్దఁ గూర్చుండి తోఁచినట్లు కుండ చేసికొను చిత్రమునకును దీనికిని జాల దూరము. పేరు లేనివాఁడు వేఱు. తలలెక్కయందుఁ జేరి పేరు వాడుకలోనికి రానివాఁడు వేఱు.

పనితీరును జూచినను నిదియే తేలును. కొండనుండి తెచ్చిన ఱాతిని నీటిబలముతో లేచిపడు రోకళ్లక్రింద దంచుదురు. పొడిని నీటఁ గలిపి, యిసుక దిగఁబడిన పిమ్మట మీఁది సన్నని బురదను దీసి యార్చి ముద్దచేయుదురు. ఒకఁడు సారెపైఁ దిప్పును. ఆఱిన పిదప మఱొకఁ డడుగును జెక్కును. చీనానుండి తెచ్చిన కోబాల్టుఖనిజమును నూఱి నీటఁ గలిపిన రంగును గోసు అందురు. పూయునప్పుడది నల్లగా బురదవలె నుండి, కాలినపిదపఁగాని నీలి తేలదు. గీతలు గీయువారొకరు, ఆ గీతలనడుమ లావుకుంచెతో నీలిని నింపువారు వేఱొకరు. ఈ నింపుడుపని పెక్కింట స్త్రీలది. నీటినిండ రంగుపీల్చిన కుంచెను గిన్నెకుఁ దాఁకించి, పొడి ప్రక్కకుఁ బ్రవహింపనిచ్చి, యొక్క చుక్కయు గీత దాఁటకుండ నడపుట కన్నులారఁ జూచినఁగాని నమ్మరానిది. ఆ పైన ఇసు అను చెట్టు బూడిద కలసిన మెఱుఁగుపూఁత. తుదకుఁ గొండవాలుపై గదివెనుక గదిగా నెక్కిపోవు ఆవమునఁ గాల్పు. కొన్నిటి పొడవు 100 మీటర్లకు మించును. వేఁడిమి 1300 డిగ్రీల దాఁక పోవును. ఒక్కగిన్నె యిన్ని చేతులు మాఱినది. దీనికిఁ గర్త యెవ్వఁడని యడిగినచో, పేరు మఱచితిమనుట సరికాదు. ఒక్క పేరు చాలదనుట సరి.

చిత్రములలో నష్టపాది తీఁగ యొకటి కలదు. తీఁగచుట్లపైఁ జిన్నకొనలు వరుసగా నుండి, సముద్రములోని యష్టపాది చేతులవలెఁ గనఁబడుటచే నాపేరు. 17వ శతాబ్ది చివఱ దీనిని వ్రాసినవారు ప్రతిచుట్టునకు రెండు గీతలు గీసి నడుమ నీలి నింపిరి. 18వ శతాబ్ది నడచుకొలఁదిఁ జుట్టొక్క కుంచెపోటున ముగిసినది, కొనలు చుక్కలైనవి. 19వ శతాబ్దిలోఁ దీఁగ తీఁగవలెఁ గాక వేగముగా వ్రాసిన సున్నలవలె నున్నది. ధనికుల పాత్రలఁ జేర్చువారు దీనిని క్షీణత యందురు. యనగి మతానుయాయులు విముక్తి యందురు. గిన్నె చౌక కావలెనన్నఁ గుంచె త్వరపడవలయును. త్వరపడిన కుంచె యనవసరమును విడిచినది. ఈ విడుచుటలోఁ గొన్నిట నందము కలదు, కొన్నిట లేదు. నడిమికాలపు గిన్నెలయందే చేతియోర్పును వేగమును సరితూఁగినవని నా యభిప్రాయము. మఱియొక విశేష మేమన, 1690 ప్రాంతమునుండియే మెత్తని ముద్రతో నద్దు పద్ధతి యరితలోఁ గలదు. జిగురైన కొంజాకు దుంపవంటకము పేర దానిని బిలుతురు. గిన్నెలోపలి యడుగున నైదురేకుల పూవు తఱచుగా నట్టి ముద్రయే. అద్దకము చేతిపనికి శత్రువని చెప్పువారు దీనిని గమనింపవలయును.

కాలనిర్ణయమునకుఁ జిత్రముకంటె నడుగు మేలైన సాక్షి. మూతిలోపలి యంచున వాలుగళ్ల పట్టెయుండిన నది 18వ శతాబ్దిదో తరువాతిదో. అడుగు నడుమ గుంటపడి మెఱుఁగుపూఁత కలిగి, చుట్టును వెడల్పైన పూఁతలేని వలయ మున్నచో దానిని 'పాముకన్ను' అందురు. అదియు 18వ శతాబ్ది నడుమనుండి వ్యాపించినది. యావములలో గిన్నెను నిలుపు పద్ధతి మాఱుటచే నిట్లయినది. రూపములుగాఁ దోఁచునవి పెక్కు కొలిమిసౌకర్యములే.

మొదట నీ పింగాణి సామాన్యుల యింటిది కాదు. చీనాలో మింగువంశము కూలి కల్లోలమగుటచే నక్కడి సరకు తగ్గఁగా, ఒలాందావారి వర్తకసంఘము అరితవైపు తిరిగి 1659లో 50,000కు మించిన పాత్రలను గోరెను. ఈ వర్తకసంఘమువారికే మన మచిలీపట్టణమునను గోరమాండల తీరమునను గిడ్డంగు లుండెను. వారు మనతీరపుఁ గలంకారులను, అద్దకపు వస్త్రములను నాగసాకికిఁ గొనిపోయిరి. జపానీయులు వానిని 'సరస' యని మెచ్చి, చిన్నపేలికను గూడఁ బాఱవేయక తేనీటిపాత్రలకు సంచులు కుట్టించుకొనిరి. ఆ వస్త్రమున లతను గీసిన కలముపనివాని పేరును దెలియదు. 1684లోఁ జీనావారు సముద్రవర్తకమును మరలఁ దెఱవఁగా నరితకుఁ బరదేశపు బేరము క్రమముగాఁ దగ్గినది. అప్పుడు యావములు స్వదేశపు వంటయిండ్లవైపుఁ దిరిగినవి.

ప్రక్కనున్న ఓమురా సంస్థానమున హసమి యను చోట లావైన చౌకగిన్నెలు చేసిరి. యోదోనదిపైఁ బడవలలోఁ దినుబండము లమ్మువారు 'తినవా?' యని మోటుగాఁ గేకవేయుటచే నట్టి గిన్నెలకుఁ 'గురవంక' యని పేరు. 1835 ప్రాంతమున ఇమరి రేవునుండి సంవత్సరమునకు సుమారు 3,10,000 గడ్డికట్టల పింగాణి దేశమంతటికిని బోయినది. 1860లో నెదోనగరమున, రాత్రులు మోసికొని తిరిగి యమ్మువారినిఁ గాక, సోబాయంగళ్లు 3,763 అని లెక్క కలదు. ఆ కాలముననే విఱిగిన పింగాణిని సీసపుగాజుపొడితో నంటించి కాల్చి యిచ్చువారు వీథులఁ దిరుగుచుండిరి. త్రవ్వకములలో నట్లు నదికిన గిన్నెలు దొరకుచున్నవి. చౌకయనఁగాఁ బాఱవేయఁదగినదని యర్థము కాదు. నా మతమున నీ గిన్నె జానపదవస్తువైనది యిక్కడ, వంటయింటియందు, చేసినచోటఁ గాదు. యనగి దృష్టి వాడుకపై నిలిచినంతసేపు సత్యమును జూచినది. పనివాని మనస్సులోనికిఁ బోయి యక్కడ శాంతిని జూచినప్పుడు సాక్ష్యము విడిచినది.

మర్మములకావలి యెంత గట్టిదైనను జివరకు వదలినది. సెతోగ్రామపు కతో తమికిచి 1804లోఁ గ్యూషూకుఁ బోయి పింగాణిపని నేర్చి 1807లోఁ దిరిగివచ్చెను. 1828లోఁ బెనుగాలియు నగ్నియుఁ గలసి యరితను గాల్చివేసినవి. పనివారు నలుదిక్కులకుఁ జెదరిరి. 1870లో జర్మనీ దేశీయుఁడైన వాగెనరు అరితకు వచ్చి బొగ్గుకొలిమిని, యంత్రశాలలఁ జేసిన కోబాల్టును బరిచయము చేసెను. కాగితపుఁ దెరలతోను, రాగిఱేకులతోను నద్దిన గిన్నె లంతటితో వెల్లువలై వచ్చినవి.

పేరుల విషయమున నింక రెండు మాటలు. క్యోటోలో దైతోకుజి మఠమునఁ గిజయెమొన్ ఇదో యను కొరియాగిన్నె యొకటి కలదు. సామాన్యమైన గిన్నెగాఁ జేయఁబడి, తేనీటివిద్వాంసుల మెప్పుచే జాతీయనిధియైనది. యనగి 1931లో దానిని జూచెను. కిజయెమొన్ దానిని గలిగియుండిన వర్తకుఁడు; చేసినవాఁడు కాఁడు. అరితలోఁ గొరియావారి కుమ్మరిగుంపునకుఁ బెద్దగా నుండిన యొక స్త్రీ కలదు. 1618లో భర్త చనిపోఁగా నామె, తొమ్మిదివందలమందికి మించిన తనవారితో నుచిదనుండి అరితకుఁ గదలివచ్చి, 1656లోఁ దొంబదియాఱవ యేఁట మృతినొందెను. మునిమనుమఁడు 1705లో హోఒంజి యాలయమున శిలాశాసనము నిలిపెను. ఆమెను హ్యాకుబాసెన్ అందురు. నూఱేండ్ల యవ్వ యైన సిద్ధురాలని దాని కర్థము. అది గౌరవపదము. తలిదండ్రు లామెకుఁ బెట్టిన పేరు శాసనమున లేదు.

గిన్నెలను బదేసిగ, నిరువదేసిగఁ గొని చెక్కపెట్టెలలో దాఁచు నాచార ముండెను. మూఁతలోపల మసితో సంవత్సరమును, నెలను, గిన్నెల సంఖ్యను, గొన్న యింటివారి పేరును వ్రాసిరి. పాత్రల కాలనిర్ణయమున విద్వాంసు లీ వ్రాఁతల నాధారముగాఁ గొందురు. కొన్నవాఁ డెవ్వఁడో, యెన్ని కొన్నాఁడో, యే నెలఁ గొన్నాఁడో యందుఁ దెలియును. ఆ గిన్నెను సారెపైఁ దిప్పినవాని ప్రసక్తిగాని, నీలి నింపినదాని ప్రసక్తిగాని యందు లేదు.